ఇంటి మరమ్మతులకు, మిద్దె తోటకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? పొదుపు, చీటీ, బంగారం, బ్యాంకు అప్పుల పోలిక

సొంత ఇల్లు కట్టుకుని పదేళ్లు దాటిన కుటుంబాలకు ఇంచుమించు ఒకే కాలంలో మూడు ఖర్చులు ఎదురవుతాయి. వానలకు స్లాబు చెమ్మగిల్లి లోపలి పెచ్చులు ఊడడం మొదలవుతుంది. వంటగదిలో గట్టు, అలమరలు, నీళ్ల పైపులు మార్చవలసి వస్తుంది. మిద్దె ఖాళీగానే ఉంది కదా, నాలుగు కూరగాయ మొక్కలు పెంచుదామన్న కోరిక పుడుతుంది. మూడింటికీ కలిపి మేస్త్రీ చెప్పే అంకె ఎప్పుడూ చేతిలో ఉన్న డబ్బు కంటే పెద్దదే. అప్పుడు ఇంట్లో ఒకరు చీటీ పాడుకుందామంటారు, ఒకరు బంగారం బ్యాంకులో పెడదామంటారు, ఇంకొకరు ఫోనులో వచ్చిన పర్సనల్ లోన్ సందేశం చూపిస్తారు. ఈ మార్గాల్లో ఏది ఎవరికి, ఏ పనికి తగినదో తేల్చుకోవడానికి ఈ పోలిక.

ముందుగా చూడవలసిన కొలమానాలు

చాలామంది వడ్డీ రేటుతో మొదలుపెడతారు. నా ఉద్దేశంలో మొదటి ప్రశ్న వడ్డీ కాదు, పని ఆగుతుందా లేదా అన్నది. స్లాబులోకి దిగిన నీరు ఇనుప కడ్డీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. పెచ్చులు ఊడేది అందుకే. ఈ పనిని రెండేళ్లు వాయిదా వేస్తే పైపైన చేసే వాటర్‌ప్రూఫింగ్‌తో తేలే ఖర్చు కడ్డీల మరమ్మతు దాకా పోతుంది. వంటగది పాతబడితే అసౌకర్యమే తప్ప నష్టం పెరగదు. తోట సంగతైతే ఆపడం కూడా అక్కరలేదు, విడతలుగా పెంచుకోవచ్చు. ఆగలేని పనికి కొంత వడ్డీ కట్టడం న్యాయమే. ఆగగల పనికి కట్టే వడ్డీ మాత్రం తొందరకు కట్టే వెల.

రెండో కొలమానం అసలు వడ్డీ. మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటారు, బ్యాంకులు శాతాల్లో చెబుతాయి, చీటీల్లో అయితే వడ్డీ అన్న మాటే వినపడదు. మూడింటినీ ఒకే తక్కెడలో వేయాలి. నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రూపాయిన్నర అంటే 18, రెండు రూపాయలంటే 24. ఇక 'ఫ్లాట్' వడ్డీ అని చెప్పేది వేరే లెక్క. 2 లక్షలకు 12 శాతం ఫ్లాట్ చొప్పున 3 ఏళ్లకు 72,000 వడ్డీ వేసి 36 వాయిదాలు కట్టిస్తే, అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 2 లక్షల మీదే పడుతున్నట్టు. తగ్గే అసలు మీద లెక్కగడితే అది 21 శాతం పైచిలుకు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తులకిచ్చే కాలపరిమితి అప్పులన్నింటికీ ముందుగానే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక శాతం ఉంటుంది. పోల్చవలసింది ఆ అంకెనే, ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని కాదు.

మిగిలినవి మూడు: వాయిదా నెల ఖర్చుల్లో ఇముడుతుందా, కట్టలేకపోతే పోయేదేమిటి, చేతిలో డబ్బు పడినప్పుడు ముందుగా తీర్చేసే వీలుందా. నాలుగైదు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఉంటే దాన్ని ఈ లెక్కలోకి తేకూడదు. స్లాబు బాగుచేయించడానికి అది ఖర్చు చేసి, మరుసటి నెల ఆస్పత్రి బిల్లుకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవారి లెక్క ఎక్కడా కుదరదు.

పోలిక సులువుగా ఉండడానికి ఒక ఊహాత్మక కుటుంబాన్ని తీసుకుందాం. నెలకు ఇల్లు గడవగా 12,000 మిగులుతుంది. స్లాబు పనికి 1,20,000, వంటగదికి 1,30,000, ఒకేసారి పెడితే మిద్దె తోటకు 50,000, మొత్తం 3 లక్షలు కావాలి.

కూడబెట్టి చేయడం: రికరింగ్ డిపాజిట్

దీనిలో గుణం ఒక్కటే అయినా గొప్పది: ఎవరికీ బాకీ ఉండము. నెలకు 10,500 చొప్పున 6.5 శాతం వడ్డీకి ఏడాది కడితే 1,30,000 పైన చేతికొస్తుంది, అంటే వంటగది అయిపోయినట్టే. లోపం ఏమంటే, ఇంట్లో ఏ పెళ్లి పిలుపు వచ్చినా, జూన్‌లో బడి ఫీజులు పడినా, మొదట ఆగిపోయేది ఈ కంతే. వంటగదికీ తోటకూ ఇంతకంటే మంచి మార్గం నాకు కనపడదు. కారుతున్న స్లాబుకు మాత్రం ఇది పనికిరాదు.

ఇప్పటికే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నవారు దాన్ని తెంచుకోనక్కరలేదు. డిపాజిట్ మీద బ్యాంకు అప్పిస్తుంది, సాధారణంగా డిపాజిట్ రేటుకు ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటుంది. ఓవర్‌డ్రాఫ్ట్‌గా తీసుకుంటే వాడినంతకే, వాడిన రోజులకే వడ్డీ. పని విడతలుగా సాగేటప్పుడు ఇది చక్కగా అమరుతుంది.

చీటీ పాట

చీటీ మనకు ఒంటబట్టిన అలవాటు కాబట్టి దాని లెక్క కొంచెం విడమరిచి చెప్పాలి. 30 మంది సభ్యులు, 30 నెలలు, నెలకు 10,000, చీటీ మొత్తం 3 లక్షలు, నిర్వాహకుడి కమీషన్ 5 శాతం అనుకుందాం. (1982 నాటి చిట్ ఫండ్స్ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కమీషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చు.) మూడో నెలలో డబ్బు అవసరపడి 75,000 తగ్గించి పాడుకుంటే చేతికి వచ్చేది 2,25,000. ఆ తగ్గింపులో కమీషన్ 15,000 పోగా మిగిలిన 60,000 ముప్పై మందికీ తలా 2,000 డివిడెండ్‌గా పంచుతారు, కనుక ఆ నెల కంతు 8,000. తొలి మూడు నెలలూ ఇలాగే ఉండి, తర్వాత పాటలో తగ్గింపు క్రమంగా చిన్నదై, మొత్తం కాలానికి డివిడెండ్ 30,000 వచ్చిందనుకుందాం. అప్పటికి కట్టిన 24,000 తీసేస్తే నికరంగా వాడుకున్నది 2,01,000. ఆ తర్వాతి 27 నెలల్లో కట్టేది 2,46,000. లెక్క తేలిస్తే ఏడాదికి సుమారు 18 శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ.

మరి చివరిదాకా ఆగి తీసుకుంటే? కట్టింది 2,70,000, వచ్చేది 2,85,000. ఇది ఏడాదికి ఐదు శాతం కూడా పడదు, రికరింగ్ డిపాజిట్ కంటే తక్కువ. అంటే చీటీ అప్పుగా ఖరీదు, పొదుపుగా నీరసం. అయినా దాన్ని కొట్టిపారేయలేం. పే స్లిప్ గానీ, ఆదాయపు పన్ను రిటర్నులు గానీ లేని కిరాణా కొట్టు యజమానికి, టైలరుకు, ఆటో డ్రైవరుకు బ్యాంకు ఇవ్వనిది చీటీ ఇస్తుంది. పైగా ఉన్నదంతా ఖర్చుపెట్టే చేతులను అది కట్టేస్తుంది. పాటలో తగ్గింపు చిన్నదయ్యే మధ్య నెలల్లో, పని తేదీని ముందే అనుకుని పాడుకునేవారికి నష్టం బాగా తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు. చీటీ పాడగానే డబ్బు రాదు; షూరిటీలు కుదరాలి, వారి పత్రాలు పరిశీలించాలి, కొన్నిసార్లు వారాలు పడుతుంది. కనుక వానలు ముంచుకొచ్చాక స్లాబు కోసం చీటీని నమ్ముకోకూడదు. రెండోది, రిజిస్ట్రార్ వద్ద నమోదు కాని చీటీ, వీధిలో ఎంత మంచి పేరున్నవారు నడిపినా, చట్టవిరుద్ధమే. నిర్వాహకుడు చేతులెత్తేసిన నాడు ఫిర్యాదుకు బలం ఉండాలంటే ఒప్పందం ప్రతి, పాస్‌బుక్కు చేతిలో ఉండాలి.

బంగారం మీద అప్పు

త్వరగా దొరికేది, బ్యాంకులో అయితే రేటు కూడా తరచు రూపాయి వడ్డీ లోపే ఉండేది ఇదే. ఫైనాన్స్ కంపెనీల్లో పథకాన్ని బట్టి రేటు చాలా ఎక్కువ కూడా ఉండవచ్చు. తొలి నెలల తక్కువ రేటు చూపి, వడ్డీ ఆలస్యమైతే పై మెట్టుకు ఎక్కించే పథకాలను నిదానంగా చదవాలి. 2025 జూన్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయవలసిన ఆదేశాల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం వరకు, 5 లక్షల లోపు 80, ఆపైన 75 శాతం వరకు ఇవ్వవచ్చు. విలువ కట్టేది బంగారానికే. హారంలోని రాళ్ల బరువు, చేసిన మజూరీ లెక్కలోకి రావు. అప్పు తీర్చిన తర్వాత ఏడు పనిదినాల్లోపు నగ తిరిగి ఇవ్వాలి, సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి.

ఎక్కువ మంది చిక్కుకునేది ఏడాది చివర అసలూ వడ్డీ కలిపి కట్టే పద్ధతిలో. నెలనెలా కట్టనక్కరలేదన్న ధీమాతో పన్నెండు నెలలు గడిచిపోతాయి, గడువు నాటికి మొత్తం సర్దలేక వడ్డీ మాత్రం కట్టి తిరగరాయిస్తారు, మూడో ఏడు వచ్చేసరికి వడ్డీకే పెద్ద మొత్తం పోతుంది. అందుకే బంగారం పెట్టేవారు వాయిదాల పద్ధతినే అడగాలి, లేదా నెలనెలా కొంత అసలుకు జమ చేస్తూ పోవాలి. ఇంకో మాట. తాకట్టుకు వెళ్లే నగ ఎవరిదో వారి సమ్మతి ముందు ఉండాలి. వంటగది ఎవరి ముచ్చట, నగ ఎవరిది అన్న లెక్క కొన్ని ఇళ్లలో వడ్డీ కంటే ఎక్కువ కాలం నడుస్తుంది.

ఇంటి అప్పు మీద టాప్-అప్

టాప్-అప్ అంటే నడుస్తున్న ఇంటి అప్పు మీద అదనంగా తీసుకునే అప్పు. ఇంటి అప్పు ఇప్పటికే నడుస్తూ, వాయిదాలు సక్రమంగా కట్టినవారికి మాత్రమే ఇది వర్తిస్తుంది. రేటు తక్కువ, వాయిదా చిన్నది. ఆ చిన్నదనమే మోసం చేస్తుంది. 3 లక్షలను 9 శాతానికి 3 ఏళ్లకు తీసుకుంటే వాయిదా సుమారు 9,540, మొత్తం వడ్డీ 43,000 పైచిలుకు. అదే 10 ఏళ్లకు సాగదీస్తే వాయిదా 3,800కు దిగుతుంది గానీ వడ్డీ 1,56,000 అవుతుంది. మొదటి రంగు వెలిసి, రెండోసారి రంగులు వేయించుకునే నాటికి కూడా మొదటి రంగు బాకీ తీరదు. పదేళ్లు నిలిచే పనికి పదేళ్ల అప్పు ఫరవాలేదు, రంగులకూ కుండీలకూ కాదు.

దీని పక్షాన చెప్పవలసింది, మారే వడ్డీ రేటు మీద వ్యక్తిగత అవసరానికి తీసుకున్న అప్పును ముందుగా తీర్చినా జరిమానా వేయరాదన్న నిబంధన. బోనసు వచ్చినప్పుడల్లా కొంత కట్టేవారికి టాప్-అప్ నిజంగా చవక. పన్ను మినహాయింపు గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. తాము ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి ఏడాదికి 30,000 వరకు మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు.

పర్సనల్ లోన్, కార్డు వాయిదాలు, ప్రామిసరీ నోటు

ఈ మూడింటినీ ఒకచోట చేర్చడానికి కారణం, ఇవి తాకట్టు అడగవు, ఆ ధీమాకు వెల వసూలు చేస్తాయి. 14 శాతానికి 3 లక్షలు 3 ఏళ్లకు తీసుకుంటే వాయిదా సుమారు 10,250, వడ్డీ 69,000. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. చిమ్నీ, ఫ్రిజ్ వంటివాటికి చూపే 'వడ్డీ లేని వాయిదా'లో నగదు ధర మీద వచ్చే తగ్గింపు పోవడమే వడ్డీ. నగదుకైతే ఎంతకిస్తారని దుకాణంలో ఒకసారి అడిగితే తేలిపోతుంది.

ఊళ్లో తెలిసినవారి దగ్గర రెండు రూపాయలకు నోటు రాస్తే 3 లక్షలకు నెలకు 6,000 వడ్డీయే పోతుంది, అసలు కదలదు. నోటుకు చట్టపరమైన కాలపరిమితి మూడేళ్లు కనుక, గడువు దాటక ముందే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవడం రివాజు. అక్కడి నుంచి వడ్డీకి వడ్డీ మొదలవుతుంది. ఇంటి మరమ్మతు కోసం ఈ దారి పట్టవలసి వస్తే, ఆ మరమ్మతును స్లాబు ఒక్కదానికే కుదించుకోవడం మేలు.

ఉద్యోగులకు భవిష్య నిధి నుంచి ఇంటి మరమ్మతుకు కొంత తీసుకునే వీలుంది. అది అప్పు కాకపోయినా ఉచితం కాదు. 2024-25కు ఆ నిధి మీద వడ్డీ 8.25 శాతం, తీసిన ప్రతి రూపాయీ ఉద్యోగ విరమణ దాకా ఆ రాబడిని వదులుకుంటుంది. మహిళా సంఘాల సభ్యులైతే సంఘం పేరున బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు, సంఘాల సభ్యులకు అప్పులిచ్చే స్త్రీనిధి వంటివి బయటి అప్పులకంటే ముందు అడిగి చూడవలసినవి.

ఒక్క చూపులో

| మార్గం | ఏడాదికి ఇంచుమించు వడ్డీ (పై ఉదాహరణల్లో) | డబ్బు చేతికి వచ్చే వేగం | కట్టలేకపోతే | తగిన పని |
|---|---|---|---|---|
| రికరింగ్ డిపాజిట్ | వడ్డీ మనకే, 6.5 శాతం | ఏడాది, రెండేళ్లు | కంతు ఆగుతుంది, అంతే | వంటగది, తోట |
| డిపాజిట్ మీద అప్పు | డిపాజిట్ రేటు + 1 లేదా 2 | ఒకటి రెండు రోజులు | డిపాజిట్ నుంచి మినహాయిస్తారు | స్లాబు |
| చీటీ, తొలి నెలల్లో | 18 | షూరిటీలు కుదిరాక | షూరిటీల మీదకు పోతుంది | ముందే తేదీ తెలిసిన పని |
| బంగారం, బ్యాంకులో | 9 | అదే రోజు | నగ వేలానికి | స్లాబు |
| టాప్-అప్ | 9 | కొన్ని వారాలు | ఇంటి మీద భారం | పెద్ద నిర్మాణ పని |
| పర్సనల్ లోన్ | 14 | ఒకటి రెండు రోజులు | క్రెడిట్ స్కోరు, వసూలు ఒత్తిడి | వేరే దారి లేని అత్యవసరం |
| ప్రామిసరీ నోటు | 24 | అడిగిన పూట | సంబంధాలు, కోర్టు | వీలైతే వద్దు |

ఎవరికి ఏది

మన ఊహాత్మక కుటుంబానికి 3 లక్షల అప్పు అక్కరలేదు. స్లాబుకు కావలసిన 1,20,000 మాత్రమే బంగారం మీద 9 శాతానికి తీసుకుని, మిగులులోంచి నెలకు 10,500 చొప్పున ఏడాదిలో తీర్చేస్తే వడ్డీ 6,000 దాటదు. తీరిన మరుసటి నెల నుంచి అదే 10,500ను ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వంటగది డబ్బు సమకూరుతుంది. మిగిలిన 1,500 నెలనెలా తోటకు. రెండేళ్లకు మూడు పనులూ పూర్తవుతాయి, పర్సనల్ లోన్‌తో పోలిస్తే 60,000 పైన మిగులుతుంది. దీనికి బదులుగా వదులుకునేది రెండేళ్ల పాటు పాత వంటగదిలో వండుకునే ఓపిక. ఆ వంట చేసేవారి అభిప్రాయం అడగకుండా మాత్రం ఈ ప్రణాళిక ఖాయం చేయకూడదు.

ఆదాయం పంటతోనో, సీజన్ వ్యాపారంతోనో ముడిపడినవారికి నెలవారీ వాయిదా ఒప్పదు. వారికి పంట డబ్బు చేతికొచ్చే నెలకు గడువు కుదిరేలా తీసుకున్న బంగారు అప్పు నయం, ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి సరిగ్గా అమరేది వీరి విషయంలోనే. ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారు టాప్-అప్‌ను విరమణ తేదీ దాటనివ్వకూడదు. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే డబ్బుతో ఊళ్లో ఇల్లు బాగుచేయించే పెద్దవారికి అప్పు సమస్య తక్కువ, అజమాయిషీ సమస్య ఎక్కువ. మొత్తం ఒకేసారి మేస్త్రీ చేతికి ఇవ్వకుండా, పూర్తయిన పని ఫోటోలు చూసి విడతలుగా పంపితే సగం తగాదాలు ఉండవు.

తోటకు అప్పు ఎందుకు వద్దంటున్నానంటే

మిద్దె తోటలో మొదటి ఏడాది కొన్న కుండీలు, విత్తనాలు, పందిరి సామగ్రిలో ఏవి నిలుస్తాయో పెంచితే గానీ తెలియదు. పది గ్రో బ్యాగులతో పాలకూర, మెంతి, గోంగూర, టమాట మొదలుపెట్టి, రోహిణి కార్తె ఎండలను అవి ఎలా తట్టుకున్నాయో చూశాక షేడ్ నెట్టు, డ్రిప్ గురించి ఆలోచించవచ్చు. 50,000 ఒకేసారి పెట్టినవారి మిద్దె మీద రెండో ఏటికి ఖాళీ కుండీలే ఎక్కువగా కనిపిస్తాయి.

బరువు లెక్క ఇంకా ముఖ్యం. మనుషులు తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఒక అడుగు లోతు తడి మట్టి పరిస్తే అదే చదరపు మీటరు మీద 500 కిలోల పైనే పడుతుంది. అందుకని మడులు కట్టకుండా, ఎర్రమట్టిలో కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు ఎక్కువ కలిపి తేలికచేసి, కుండీలను బీముల వెంబడి, స్టాండ్ల మీద పెట్టాలి. స్టాండు ఉంటే కింద నీరు నిలవదు, స్లాబు ఎక్కడ చెమ్మగిల్లిందో కంటికి కనిపిస్తుంది. వాటర్‌ప్రూఫింగ్ అయ్యేవరకు ఒక్క కుండీ కూడా పైకి ఎక్కించకపోవడం మంచిది. తర్వాత అన్నీ దించి పని చేయించడానికి కూలీ ఖర్చు అదనం.

మిద్దె మీద తోటకు పోటీగా ఇప్పుడు సోలార్ పలకలు వచ్చాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రాయితీ ఉంది. రాయితీ బిగించాక ఖాతాలో పడుతుంది కాబట్టి ముందు మొత్తం మనమే సర్దాలి. కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల నీడపడని చోటు కావాలి. పందిరి మీద పాకిన సొర తీగ పలకల మీద నీడ వేస్తే రెండూ చెడతాయి. కరెంటు బిల్లు భారీగా వచ్చే ఇంటికి తోట కంటే సోలార్‌కు అప్పు చేయడం సబబు, ఎందుకంటే వాయిదాలో కొంత భాగాన్ని తగ్గిన బిల్లే కడుతుంది. బిల్లు తక్కువగా ఉండే ఇంటికి తోటే మిన్న.

మేస్త్రీకి డబ్బు ఇచ్చే తీరు

డబ్బు ఏ మార్గంలో తెచ్చినా, అది బయటికి వెళ్లే తీరును బట్టి ఖర్చు మారుతుంది. కూలీ మాత్రమే మాట్లాడుకుని సరుకు మనమే కొంటే చవకే, కానీ సిమెంటు ఆరు బస్తాలకు బదులు తొమ్మిది ఎందుకు పట్టాయని నిలబడి చూసుకునేవారు ఇంట్లో ఉండాలి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లకు సరుకుతో సహా కాంట్రాక్టు కొంత ఎక్కువైనా నిశ్చింత. అప్పుడు సిమెంటు, రసాయనం, లప్పం ఏ కంపెనీవో, ఎన్ని పూతలో కాగితం మీద రాయించుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకుముందు వేసిన అంచనా ఉంటే తిరిగి వేయించుకోవడం మంచిది. అనుకున్న మొత్తానికి ఆరోవంతు అదనంగా పక్కన పెట్టుకుంటే పని మధ్యలో చేబదుళ్లకు తిరగనక్కరలేదు.

స్లాబు పని మృగశిర కార్తెకు ముందే ముగించాలి. పూర్తయ్యాక కాలువ రంధ్రాలు మూసి, మిద్దె మీద రెండంగుళాల నీళ్లు కట్టి రెండు రోజులు నిలబెట్టి, కింద గదుల్లో పైకప్పు అంచులు, ఫ్యాను కొక్కెం చుట్టుపక్కల చెమ్మ దిగిందేమో చూడాలి. ఆ పరీక్ష తర్వాత కూడా ఒప్పుకున్న మొత్తంలో పదోవంతు మొదటి గట్టి వాన కురిసేదాకా ఇవ్వనని పనికి ముందే చెప్పి, అదే కాగితంలో రాయించుకోవాలి. దీనికి ఒప్పుకోని మేస్త్రీని మార్చుకోవడానికి మే నెలలో ఇంకా సమయం ఉంటుంది, జూన్ మధ్యలో ఉండదు.